కళ్లకద్దుకున్న నీళ్లు

2019 ఏప్రిల్ నెల. ఆదిలాబాద్ జిల్లాలో పెన్‌గంగకు ఇవతల, నల్లరేగడి భూముల మధ్య ఒక చిన్న ఊరు. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లకు తెలుసు, అది చాలు. ఈ సంగతి రాయమని మిత్రులు చాలాకాలంగా అడుగుతున్నారు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఒళ్లు మండి కాగితాలు పక్కన పడేశాను. కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే ఇక ఎప్పటికీ రాయలేనని అర్థమై రాస్తున్నాను.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. మాది ధర్మపురి దగ్గర ఒక పల్లె. మా వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లలో చాలామంది ఇళ్లు కట్టే పనికో, బండ్లు నడిపే పనికో వెళ్లారు. నేను మాత్రం చమురు బావుల మీద యాసిడ్ పంపు నడిపే జట్టులో పడ్డాను. పద్నాలుగేళ్లు అదే పని. అక్కడ నూనె ఉండేది సున్నపురాయి పొరల్లో. ఆ పొరల్నే కార్బొనేట్ రిజర్వాయర్ అంటారు. రాతి సందులు పూడుకుపోయి నూనె తగ్గితే, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను నీళ్లతో పలచన చేసి బావిలోకి ఎక్కిస్తాం. సున్నపురాయి యాసిడ్‌కు కరుగుతుంది. కరిగినచోట చెదలు కర్రను తొలిచినట్టు సన్నటి దారులు పడతాయి. వాటిని వార్మ్‌హోల్స్ అంటారు. ఆ దారుల వెంట నూనె మళ్లీ కదులుతుంది. ఈ పనంతటికీ స్టిమ్యులేషన్ అని పేరు.

తిరిగి వచ్చాక నాకు తెలిసినదల్లా అదే. పెన్‌గంగ వైపు భూమి కింద ఉన్నది కూడా సున్నపురాయే. నూనెకు బదులు నీళ్లు, వెయ్యి మీటర్ల బావికి బదులు మూడొందల అడుగుల బోరు. అదే మందు, చిన్న మోతాదులో. ఆదిలాబాద్‌లో ఒక గది తీసుకుని బోర్లు బాగుచేసే పని పెట్టుకున్నాను. మా కరీంనగర్ వైపు రైతులు కూడా "మా బోర్ల గూడ జర పొయ్యరాదు" అని అడిగేవారు. మాది గ్రానైటు నేల. గ్రానైటులో ఈ యాసిడ్ పోసినా ఒకటే, మురిక్కాలవలో పోసినా ఒకటే. కుదరదని మొహం మీదే చెప్పి పంపేవాణ్ణి.

ఈ పనిలో యాసిడ్ పోయడం అరగంట. అసలు పని ఆ తర్వాత ఉంటుంది. బోరు పైభాగంలో మట్టి కూలకుండా దింపే ఇనుప గొట్టాన్ని కేసింగు అంటారు. యాసిడ్ దాన్ని తినేయకుండా ఇన్‌హిబిటర్ అనే ఇంకో ద్రవం ముందే కలపాలి. ప్లాస్టిక్ గొట్టం అడుగుదాకా దించి, యాసిడ్‌ను నేరుగా రాతికి తగిలేలా వదలాలి. నాలుగు గంటలు ఆగాలి. రాయి కరిగేటప్పుడు గ్యాసు పుడుతుంది, అది బోరులోని ద్రవాన్ని ఒక్కసారిగా పైకి చిమ్మవచ్చు. అందుకే ఎవరూ దగ్గరికి రాకూడదు. తర్వాత కంప్రెసర్‌తో గాలి కొట్టి లోపలి నీళ్లన్నీ బయటికి తోడాలి. దీన్ని ఫ్లషింగ్ అంటాం. వచ్చే నీళ్లను సున్నం పరిచిన గుంటలోకి మళ్లించి, గంటగంటకూ పీహెచ్ కాగితం ముంచి చూడాలి. పుల్లదనం ఉంటే కాగితం ఎర్రగా మారుతుంది, తర్వాత నారింజ, పసుపు, చివరికి పచ్చ. పచ్చబడేదాకా ఆ నీళ్లు నీళ్లు కావు.

ఆ ఊళ్లో మొదటి బోరు విఠల్‌రావు పటేల్‌ది. అరంగుళం నీళ్లు కూడా రావడం లేదు. ఊరంతా వచ్చి నిలబడింది. నాకు కొంచెం గొప్పగానే అనిపించింది, దాచడం ఎందుకు. చేలో దొరికిన సున్నపురాయి ముక్క మీద నాలుగు చుక్కల యాసిడ్ వేసి, అది బుసబుస నురగలు కక్కడం అందరికీ చూపించాను. ఆడవాళ్లు నోళ్ల మీద చేతులు పెట్టుకున్నారు. యాసిడ్ వదలడం కూడా అడ్డంగా కట్టిన ఎర్రతాడు అవతల నుంచి చూడనిచ్చాను. ఆ తర్వాత అందరినీ బడి వరండాలోకి తోలేశాను. గాలి కొట్టేటప్పుడు యాసిడ్ తుంపర లేస్తుంది, జనం ఉండకూడదు. అది సరైన పనే. కానీ ఎందుకు పంపుతున్నానో ఒక్కరికీ చెప్పలేదు. "పోండ్రి, పోండ్రి, నేను పిలుస్త" అన్నాను, అంతే.

ఆ రోజు గొట్టాలు, డ్రమ్ములు, ట్రాక్టరు తెచ్చింది బోర్ల ఏజెంటు సమ్మయ్య. కరీంనగర్ వైపు మనిషి, ఎక్కడ బోరు పడ్డా అక్కడ వాలేవాడు. ఊరికే ఉండడు, అన్నిటికీ "గిదేంది సార్, గదేంది సార్" అంటాడు. నాకు విసుగొచ్చి, ఫ్లషింగ్ మొదలుపెట్టే ముందు అతన్ని పూజ సామాను తెమ్మని ఆదిలాబాద్ పంపాను. కొబ్బరికాయలు, పూలు, పసుపు కుంకుమ. అతను వెళ్లాలనే పంపాను. ఇంకోటి కూడా చెప్పాలి. ఇన్‌హిబిటర్ డబ్బా మీది చీటీని నేను ఎప్పుడూ చింపేసేవాణ్ణి. పేరు తెలిస్తే ఇంకొకడు నా పని ఎత్తుకుపోతాడని భయం. అందరితో పాటు సమ్మయ్యకు కూడా అది "సార్ మందు", అంతే.

కంప్రెసర్ ఏడు గంటలు నడిచింది. కాగితం పచ్చబడ్డాక జనాన్ని పిలిచాను. రెండంగుళాల నీళ్లు తెల్లగా దుముకుతున్నాయి. ఆ వైపు ఒక ఆనవాయితీ ఉంది. బోరులో నీళ్లు పడగానే పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇంటి ఆడమనిషి మొదటి నీళ్లు దోసిట్లో పట్టి కళ్లకద్దుకుంటుంది. తర్వాత ఒక గుటక తాగి, తలమీద చల్లుకుంటుంది. పటేల్ భార్య అలాగే చేసింది. "సార్, మీరు గూడ" అన్నారు. నేనూ దోసిలి పట్టి కళ్లకద్దుకున్నాను. అప్పటికి తిరిగి వచ్చిన సమ్మయ్య ఫోనులో వీడియో తీశాడు. వెనకాల నా నీలం రంగు నీళ్ల క్యాను కూడా అందులో పడింది. కంట్లో యాసిడ్ పడితే వెంటనే కడగడానికి ప్రతి పనికీ ఇరవై లీటర్ల మంచినీళ్లు తీసుకెళ్తాను. అది దేనికో కూడా ఎవరికీ చెప్పలేదు.

అక్కడే సుమన్‌బాయి నన్ను పట్టుకుంది. నలభై ఏళ్లుంటాయి. పటేల్ చేనుకు అర కిలోమీటరు అవతల ఆమెకూ భర్త కిషన్‌కూ రెండెకరాలు, అందులో టమాట. చెట్లు కాత మీద ఉన్నాయి, బోరు గంటకోసారి ఆగిపోతోంది.

"సార్, నా బోర్ల గూడ పొయ్యు. చెట్లు వాడవట్టినయి."

"నెల రోజులు ఆగాలె బాయీ."

"నెలకు ఏముంటయి సార్? కట్టెలుంటయి. జర రేపు గాదా?"

"ఆగాలె అంటున్న గద. మందు లేదు."

నా దగ్గర ఇన్‌హిబిటర్ అయిపోయింది. బొంబాయి నుంచి రావాలి. ఆ మాట అయినా పూర్తిగా చెప్పలేదు. బండెక్కి వచ్చేశాను.

తొమ్మిదో రోజు పొద్దున ఇచ్చోడ దగ్గర ఒక బోరు చూస్తుంటే కిషన్ ఫోను చేశాడు. "సార్, నీ మందు నా పెండ్లాం కండ్లు కాలవెట్టింది. దవఖానకు తీస్కొచ్చినం. నువ్వు రా" అన్నాడు. నేను మళ్లీ ఆ ఊరికే వెళ్లలేదు, నా మందు ఎలా కాలుస్తుందని నాకు ముందు కోపం వచ్చింది. బండి సగం దూరం వచ్చేసరికి అర్థమైంది, నేను ఆగమన్న పని సమ్మయ్య చేసేసి ఉంటాడు.

ఆసుపత్రిలో ఆమె రెండు కళ్ల మీదా గుడ్డ కట్టి ఉంది. అరచేతులు పొక్కి, పెదవులు వాచి ఉన్నాయి. నీళ్లు నోట్లో పోసుకున్నా మింగకుండా ఊసేసిందట, గొంతు దక్కింది. డాక్టరమ్మ కిషన్‌ను నిలదీస్తోంది.

"కంట్ల వడ్డంక ఎంతసేపు కడిగిండ్రు? ఏ నీళ్లతోని?"

"వెంబడే కడిగినం మేడమ్. చాలాసేపు కడిగినం."

"అదే అడుగుతున్న, ఏ నీళ్లు?"

కిషన్ నా వైపు చూశాడు. "బోరు నీళ్లే మేడమ్. ఆడ వేరే నీళ్లు లేవు. సమ్మన్న పంపు జోరు చేసిండు, దాని కింద మొఖం వెట్టి కడిగినం."

యాసిడ్ పడిన కళ్లను అదే యాసిడ్‌తో కడిగారు. ప్రేమగా, పట్టి పట్టి కడిగారు.

మధ్యాహ్నానికి ఊరు చేరాను. సమ్మయ్య ఇంకా బోరు దగ్గరే ఉన్నాడు. పారిపోలేదని మెచ్చుకోకండి, అతని గొట్టాలు లోపల ఇరుక్కున్నాయి, వాటి కోసం ఉన్నాడు. పూజ చేసిన కుంకుమ, పగిలిన కొబ్బరిచిప్పలు అలాగే పడి ఉన్నాయి. బాత్రూములు కడిగే యాసిడ్ క్యాన్లు గట్టు మీద వరసగా ఉన్నాయి. ఎన్ని కావాలంటే అన్ని, ఎందుకని ఒక్క మాట అడగకుండా అమ్మిన ఆ దుకాణం మనిషి మీద కూడా నా కోపం ఇంతవరకూ పోలేదు. జేబులోంచి పీహెచ్ కాగితం తీసి గుంటలో నిలిచిన నీళ్లలో ముంచాను. ముంచీ ముంచగానే నెత్తురులా ఎర్రబడింది.

"ఎంతసేపు ఆగినవు?" అన్నాను.

"గంట ఆగిన సార్. బుసబుస సప్పుడు ఆగిపోయింది. అయిపోయిందనుకున్న."

"గాలి కొట్టినవా? తోడినవా?"

"తోడుడేంది సార్? మోటరు దించి ఏసిన. నీళ్లయితె వచ్చినయి గద."

నీళ్లయితే వచ్చాయి కదా! ఆ మాట వినగానే నేను మనిషిని కాకుండా పోయాను. గల్లా పట్టి గుంజాను. పటేల్ మధ్యలోకి వచ్చి "సార్, ఇడువుండ్రి, ఇడువుండ్రి" అంటున్నాడు. "ఆమె కండ్లు పోయినయిరా! గా నీళ్లు ముట్టనిస్తవా? మొఖానికి పెట్టుకోనిస్తవా?" అని అరిచాను. సగం ఊరు వినే ఉంటుంది.

సమ్మయ్య గల్లా విడిపించుకోలేదు. జేబులోంచి ఫోను తీసి వీడియో నడిపించి నా మొహం ముందు పెట్టాడు. అందులో నేనున్నాను. నవ్వుతూ, దోసిలి పట్టి, నీళ్లు కళ్లకద్దుకుంటున్నాను.

"నువ్వు గూడ అద్దుకున్నవు గద సార్. ఏం గాలే గద. గిదే చూపిచ్చిన ఆమెకు. సారే అద్దుకున్నడు, ఫికర్ లేదన్న."

"నేను ఏడు గంటలు తోడినంక అద్దుకున్నరా!"

"గా ఏడు గంటలు నేను చూడలే సార్. నన్ను కొబ్బరికాయలకు తోలింది నువ్వే."

నా చెయ్యి దానంతటదే వదులైంది. ఊరివాళ్లను చూశాను. వాళ్లూ చూడలేదు, బడి వరండాలో ఉన్నారు. వాళ్లు చూసిందేమిటి? రాయి నురగలు కక్కడం, యాసిడ్ వదలడం, నీళ్లు దుమకడం, కళ్లకద్దుకోవడం. మధ్యలోని రోజంతా నేను దాచేశాను. ఇన్‌హిబిటర్ ఎందుకు పోయలేదని అడిగే మొహం కూడా నాకు లేదు. చీటీ చింపింది నేనే.

అయితే ఒక మాట గట్టిగా చెబుతాను. దీంతో సమ్మయ్య తప్పు కొట్టుకుపోదు. తెలియని పనిలో చెయ్యి పెట్టే ముందు అడగాలి. అతని ఫోనులో నా వీడియో ఉంది, నా నంబరూ ఉంది. అడిగితే ఆగమంటానని తెలుసు, అందుకే అడగలేదు. ఆగమనే మాట అతని వ్యాపారానికి పడదు. ఎండిపోతున్న చేను ముందు నిలబడ్డ మనిషికి "రేపే" అని చెప్పడం కంటే సులువైన పని లేదు.

కిషన్‌తో కలిసి స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చాం. అక్కడి పెద్దమనిషి చదివి, "ఆమెనే గద కండ్లకు పెట్టుకున్నది, ఎవలన్న పోసిండ్రా?" అన్నాడు. ఆ కాగితం ఎటు పోయిందో నాకు తెలియదు. సమ్మయ్య కరీంనగర్ వైపు మకాం మార్చాడు. అక్కడ గ్రానైటు బోర్లలో యాసిడ్ పోస్తున్నాడని తర్వాత విన్నాను. రాయి కరగదు, నీళ్లు పెరగవు, కేసింగు మాత్రం తుప్పు పట్టిపోతుంది. మనుషుల కళ్లు పోకపోతే చాలని నేను అనుకోవలసి వస్తోంది. ఎంత చేతకాని కోపమో చూడండి.

సుమన్‌బాయి నెలన్నర తర్వాత ఇంటికి వచ్చింది. ఎడమ కన్ను దక్కింది. కుడి కంటికి వెలుగు చీకటి తేడా తప్ప ఏమీ తెలియదు. టమాట చేను ఎండి మోడైంది. బోరు కూడా పోయింది. ఇన్‌హిబిటర్ లేని యాసిడ్ కేసింగును తినేసి, పైమట్టి లోపలికి కూలింది. ఆమె ఇంటికి వెళ్లడానికి నాకు మూడు సార్లు ధైర్యం చాలలేదు. నాలుగోసారి వెళ్లాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. గడపలో కూర్చుని తల కొంచెం పక్కకు తిప్పి, మంచి కన్నుతో నన్ను చూసింది.

"ఆగుమన్నవు సార్" అంది. "ఎందుకు ఆగాల్నో చెప్పలే. చెప్తె ఆగకపోదునా?"

పద్నాలుగేళ్లు యాసిడ్‌తో పనిచేశాను, ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. గల్ఫ్‌లో మొదటి రోజే నాకు ఒకాయన ప్రతి పనికీ కారణం చెప్పాడు కాబట్టి. తనకు సరిగా రాని భాషలో, చేతులతో సైగలు చేసి మరీ చెప్పాడు. నేను నా సొంత భాషలో, నా వాళ్లకు, "పోండ్రి, నేను పిలుస్త" అని మాత్రమే చెప్పాను. నా పనిని దాచుకుని నన్ను నేను పెద్దవాణ్ణి చేసుకున్నాను. ఈ సంగతి నాకు నేర్పింది ఇదే, నేర్చుకున్న వెల మాత్రం ఆమె కన్ను. సమ్మయ్య మీద ఎంత మండిపడ్డా, అద్దం ముందు నిలబడితే అందులో సగం నాకే తగులుతుంది.

ఆ వానాకాలం ముగియగానే ఆమె బోరు నేను బాగు చేశాను. కూలిన మట్టి తీసి, కొత్త కేసింగు దించి, మళ్లీ యాసిడ్ పట్టించాను. ఈసారి ఆమె వద్దంటుందనుకున్నాను. "నేను అక్కడే ఉంట, అన్నీ చెప్పుకుంట చెయ్యి" అంది. బడిలో నల్లబల్ల అడిగి తెచ్చాం. తాడుకు చాలా అవతల, తుంపర తగలకుండా గాలి వచ్చే వైపు జనాన్ని కూర్చోబెట్టి ఇన్‌హిబిటర్ పేరు పెద్ద అక్షరాలతో బల్ల మీద రాశాను. నీలం క్యాను ముందు పెట్టి అది దేనికో చెప్పాను. విఠల్‌రావు రెండుసార్లు ఆవలించాడు. ఆవలించినా లేవనివ్వలేదు. ఫ్లషింగ్ మొదలయ్యాక గంటగంటకూ ఒక పీహెచ్ కాగితం ముంచి తెచ్చి, కడిగిన గాజుపలక మీద పెట్టి సుమన్‌బాయి చేతికిచ్చాను. ఆమె దాన్ని రంగుల పట్టీ పక్కన పెట్టి చూసి, రంగు పేరు గట్టిగా చెబితే, కిషన్ బల్ల మీద రాశాడు. ఎరుపు. ఎరుపు. నారింజ. నారింజ. పసుపు.

ఆరో గంటకు నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి. రెండంగుళాల పైనే దుముకుతున్నాయి. జనం లేచి నిలబడ్డారు. పసుపు కుంకుమల పళ్లెం వచ్చింది. కిషన్ కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని, "సార్, చూడుండ్రి ఎంత సాఫ్ ఉన్నయో. ఇంక కొడుదుమా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే సుమన్‌బాయి ఆరో కాగితాన్ని ఎడమ కంటి దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"ఇంక పచ్చగ కాలే" అంది. "ఇంకో గంట నడిపియ్యి సార్."

కిషన్ కొబ్బరికాయ కింద పెట్టాడు. అందరం మళ్లీ కూర్చున్నాం.